వార్సా కట్టడాల వయసు ఎవరు నిర్ణయించారు?

పోలండ్ రాజధాని వార్సాలో పాతబస్తీ చౌకు చుట్టూ ఉన్న ఇళ్లు చూసేవారికి పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నాటివిగా అనిపిస్తాయి. ఇరుకైన ముఖభాగాలు, గోడల మీద రంగుల చిత్రాలు, నిటారుగా లేచిన పెంకుటి కప్పులు. కానీ ఈ చౌకును ప్రజలకు తెరిచింది 1953లో. అక్కడికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో నగరం మీదకి ఒరిగినట్టు నిలబడిన 237 మీటర్ల సంస్కృతి, విజ్ఞాన సౌధం 1955 నాటిది. రెండింటి మధ్యా తేడా రెండేళ్లే. రెండూ ఒకే కమ్యూనిస్టు ప్రభుత్వం హయాంలో లేచాయి. అయినా మొదటిదాన్ని వార్సా ప్రజలు తాతముత్తాతల ఆస్తిగా గుండెలకు హత్తుకున్నారు. రెండోదాన్ని పరాయివాడు పాతిన జెండాకర్రగా దశాబ్దాల పాటు చూశారు.

ఈ నగరంలో ఏ ప్రసిద్ధ కట్టడం దగ్గర నిలబడినా ఎప్పుడు కట్టారని అడిగి ఊరుకుంటే సరిపోదు, ఏ కాలం నాటిదిగా కట్టారని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న వెనక ఎవరో కొందరు మనుషులు, వారు చేసిన ఎంపిక ఉంటాయి. ఏ శతాబ్దాన్ని తిరిగి తెచ్చుకోవాలి, దేన్ని వదిలేయాలి, ఎవరి జ్ఞాపకానికి ఇటుకలు దొరకాలి? వార్సా చరిత్ర అంతా ఆ ఎంపికల్లోనే ఉంది.

ముందు విధ్వంసం ఎలా జరిగిందో చెప్పుకోవాలి. యుద్ధంలో దెబ్బతిన్న నగరాలు యూరప్‌లో చాలా ఉన్నాయి. వార్సాది వేరే కథ. 1939 సెప్టెంబరు ముట్టడిలో బాంబులు పడ్డాయి. 1943 ఏప్రిల్, మే నెలల్లో యూదుల తిరుగుబాటును అణిచివేశాక, వారిని నిర్బంధించి ఉంచిన ఘెట్టో పేట మొత్తాన్ని నేలమట్టం చేశారు. 1944 ఆగస్టు 1న మొదలైన వార్సా తిరుగుబాటు 63 రోజులు సాగి, అక్టోబరు 2న లొంగుబాటుతో ముగిసింది. అసలు కూల్చివేత ఆ తర్వాతే జరిగింది. బతికి ఉన్న జనాన్ని ఊరు ఖాళీ చేయించి, పోరాటమంటూ ఏమీ లేని నగరంలో జర్మన్ దళాలు వీధి తర్వాత వీధిని తగలబెట్టుకుంటూ, డైనమైట్‌తో పేల్చుకుంటూ పోయాయి. రాజభవనాలు, చర్చిలు, గ్రంథాలయాలు, దస్తావేజుల భండారాలు వరసగా పోయాయి. 1945 జనవరి 17న సోవియట్ సేనలు ప్రవేశించేనాటికి చారిత్రక కేంద్రంలో 85 శాతానికి పైగా మట్టిలో కలిసింది. శత్రువు ఒక జాతి జ్ఞాపకాన్ని తుడిచేయాలని పనిగట్టుకుని చేసిన పని ఇది. తర్వాత వచ్చిన పునర్నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ విషయం మరచిపోకూడదు.

శిథిలాలను అలాగే వదిలి, రాజధానిని పారిశ్రామిక నగరమైన వూచ్‌కి మార్చాలన్న ఆలోచన కూడా అప్పట్లో నడిచింది. అది వీగిపోయింది. 1945 తొలి నెలల్లోనే రాజధాని పునర్నిర్మాణ కార్యాలయం ఏర్పడింది. అందులో చారిత్రక కట్టడాల విభాగం బాధ్యత యాన్ జఖ్వాతోవిచ్ అనే వాస్తుశిల్పికి దక్కింది. ఆ కాలపు యూరప్ వారసత్వ పరిరక్షణ నిపుణులకు ఒక గట్టి సూత్రం ఉండేది: ఉన్నదాన్ని కాపాడాలి, పోయినదాన్ని నకలు చేయకూడదు. ఈ సూత్రం జఖ్వాతోవిచ్‌కి బాగా తెలుసు. తెలిసే దాన్ని పక్కన పెట్టాడు. మన స్మారకాలను మన చేతుల్లోంచి లాగేసుకుంటే ఊరుకోలేమనీ, అసలువి ఇవ్వలేకపోయినా కనీసం వాటి ఖచ్చితమైన రూపాన్నైనా రాబోయే తరాలకు అందించాలనీ 1946లో ఆయన వాదించాడు. ప్రామాణికత కంటే బాధ్యత పెద్దదని దాని సారాంశం. ఇదే జఖ్వాతోవిచ్ 1964లో, కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ ప్రమాణంగా నిలిచిన వెనిస్ ఒడంబడికను రూపొందించిన బృందంలోనూ ఉన్నాడు. దీన్ని వైరుధ్యమని కొట్టిపారేయడం తేలిక. మామూలు రోజులకు ఒక నియమం, ఊరంతా హత్యకు గురైన రోజున ఇంకో నియమం ఉండాలని నమ్మిన మనిషిగా ఆయన్ని చూస్తే ఆ రెండు పనులకూ పొంతన కుదురుతుంది.

ఖచ్చితమైన రూపం కావాలంటే ఆధారాలు కావాలి. యుద్ధానికి ముందు వార్సా పాలిటెక్నిక్ వాస్తుశాఖ విద్యార్థులు పాత ఇళ్లను కొలిచి గీసిన పటాలు వేల సంఖ్యలో ఉండేవి. ఆ పనిని నడిపించిన ఆచార్యుడు ఆస్కార్ సొస్నోవ్‌స్కీ 1939 సెప్టెంబరులో ఆ పత్రాలను కాపాడే ప్రయత్నంలోనే గాయపడి చనిపోయాడు. ఆక్రమణ రోజుల్లో సహోద్యోగులు రహస్యంగా కొలతలు తీయడం ఆపలేదు. తిరుగుబాటు తర్వాత కాలుతున్న ఊరిలోంచి ఆ కట్టలను బయటికి చేరవేసి, పియోత్ర్కువ్ పట్టణంలోని ఒక మఠంలో దాచారు. యుద్ధం ముగిశాక పాతబస్తీ మళ్లీ లేవడానికి ముఖ్యమైన ఆధారం ఆ కాగితాలే. పునర్నిర్మాణ కార్యాలయపు దస్తావేజులను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అది పూర్తిగా తగిన గౌరవం.

రెండో ఆధారం చిత్రాలు. ఇటలీ నుంచి వచ్చి, పోలండ్ చివరి రాజు స్తనిస్వాఫ్ ఆగస్ట్ ఆస్థానంలో పనిచేసిన బెర్నార్డో బెలొట్టో 1770ల్లో వార్సా వీధులను ఎంతో సూక్ష్మంగా చిత్రించాడు. మేనమామ పేరు మీద అతన్నీ కనలెట్టో అనే పిలిచేవారు. ఆ చిత్రాలనూ జర్మన్లు ఎత్తుకుపోయారు. యుద్ధం తర్వాత తిరిగొచ్చాయి. ఇప్పుడు రాజకోటలో వాటికంటూ ఒక గది ఉంది. ఒక చిత్రకారుడి కాన్వాసులు చూసి నగరాన్ని కట్టారన్న కథ పర్యాటకులకు చాలా ఇష్టం. కథలో నిజం ఉంది, అయితే దానికో మెలిక కూడా ఉంది. బెలొట్టో కెమెరా కాదు. చిత్రం కుదురుగా రావడానికి అక్కడక్కడా నిష్పత్తులు మార్చేవాడు, అలంకారాలు సవరించేవాడు. కొన్ని చోట్ల ఆ సవరణలు కూడా కొత్త గోడల్లోకి దిగాయి.

ఇంతకంటే పెద్ద విషయం కాలం ఎంపిక. 1939లో వార్సా ఎలా ఉండేదో ఫొటోలున్నాయి, కొలతలున్నాయి. కానీ పునర్నిర్మాతలు 1939ని ఎంచుకోలేదు. పోలండ్ స్వతంత్ర రాజ్యంగా ఉన్న పద్దెనిమిదో శతాబ్దం వైపు, అంతకు ముందటి కాలాల వైపు వెళ్లారు. 1772, 1793, 1795 విభజనలతో పోలండ్ ఐరోపా పటం మీంచి మాయమై 1918 దాకా తిరిగి రాలేదు. అందులో చాలా కాలం వార్సా రష్యా జారు పాలనలో ఉంది. ఆ పరాయి ఏలుబడిలో పెరిగిన పందొమ్మిదో శతాబ్దపు నగరాన్ని జాతీయవాదులు తమదిగా భావించలేదు. కమ్యూనిస్టులకు దానిలో అద్దె కొంపలతో లాభాలు గుంజిన పెట్టుబడి కనిపించింది. రెండు వర్గాలూ కలిసే చోటు దొరికింది. ఫలితంగా పందొమ్మిదో శతాబ్దాన్ని కావాలనే పక్కన పెట్టారు.

దాని గుర్తులు నగరమంతా కనిపిస్తాయి. నోవీ ష్వియత్ అనే ప్రధాన వీధిలో యుద్ధానికి ముందు ఎత్తుపల్లాలుగా లేచిన అంతస్తుల ఇళ్లుండేవి. ఇప్పుడు ఒకే ఎత్తులో, ఒకే ధోరణిలో, ఎన్నడూ లేనంత క్రమశిక్షణతో ఉన్నాయి. సెయింట్ జాన్ కెథడ్రల్‌కి పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్ గోథిక్ తరహా ముఖభాగం పెట్టారు. 1939లో జనం చూసింది అదే. తిరిగి కట్టేటప్పుడు దాన్ని వదిలి, మధ్యయుగపు మజోవియా ప్రాంత గోథిక్ శైలిలో ఇలా ఉండి ఉండవచ్చని ఊహించి కొత్త ముఖం ఇచ్చారు. చౌకు ఇళ్ల వెనక ఇరుకిరుకుగా ఉండే పెరటి వాటాలను తీసేసి ఖాళీ ప్రాంగణాలు వదిలారు. లోపల మరుగుదొడ్లు, నీటి సదుపాయం ఉన్న ఆధునిక ఫ్లాట్లు కట్టారు. గోడల మీద రంగుల చిత్రాల్లో చాలా భాగం 1953లో అప్పటి చిత్రకారులు కొత్తగా వేసినవి. వీటిని మోసం అనడం అన్యాయం. అవి తమ కాలపు మంచి కళాఖండాలు, వాటిని ఆ పేరుతోనే చూడాలి. పాతబస్తీని పద్దెనిమిదో శతాబ్దపు నగరంగా చూసేవారు దాని అసలు గొప్పతనాన్ని చూడలేకపోతున్నారు. అది 1950ల నాటి అద్భుతం.

ఈ అద్భుతానికి ఖర్చు కూడా ఉంది. దేశమంతా తన రాజధానిని కడుతోందన్న నినాదంతో స్వచ్ఛంద శ్రమ, చందాలు వెల్లువెత్తాయి. ఇటుకలు మాత్రం ఎక్కడినుంచో రావాలి కదా. యుద్ధం తర్వాత పోలండ్‌కి దక్కిన జర్మన్ నగరం వ్రొత్స్వాఫ్ నుంచి రైళ్ల నిండా ఇటుకలు తెచ్చారు. శిథిలాల్లోంచే కాక, బాగుచేసుకోదగ్గ కట్టడాలను విప్పి కూడా తెచ్చారు. వార్సా స్థలం విషయంలో 1945 అక్టోబరు 26 నాటి ఉత్తర్వు యుద్ధానికి ముందటి నగర పరిధిలోని నేలంతటినీ పురపాలక ఆస్తిగా మార్చేసింది. అది లేకపోతే ఇంత పెద్ద ప్రణాళిక సాగేది కాదు. అదే ఉత్తర్వు వల్ల ఇళ్లు, స్థలాలు పోగొట్టుకున్న కుటుంబాల వారసుల వ్యాజ్యాలు ఇప్పటి తరం దాకా వచ్చాయి.

ఆవిష్కరణల తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పాతబస్తీ కింద సొరంగంతో వేసిన తూర్పు పడమర రహదారి, దాంతో పాటు పోలండ్‌లో మొదటి ఎస్కలేటర్ ప్రారంభమైంది 1949 జూలై 22న. జిగ్మంట్ రాజు స్తంభాన్ని తిరిగి ఆవిష్కరించిందీ అదే రోజు. పాతబస్తీ చౌకు 1953 జూలై 22. సంస్కృతి సౌధం 1955 జూలై 22. సోవియట్ అండతో ఏర్పడిన కొత్త ప్రభుత్వం 1944లో తన ప్రకటన విడుదల చేసిన రోజు అది. కమ్యూనిస్టు పోలండ్‌కి జాతీయ పండుగ. రాజుల కాలం నాటి స్తంభాన్ని, వ్యాపారుల ఇళ్లను జనానికి తిరిగిచ్చి, ఆ కృతజ్ఞతను తన పండుగ రోజుకు జమ చేసుకుంది ప్రభుత్వం. వార్సా యూదులకు అదే తేదీ మరో రకంగా గుర్తుంది. 1942 జూలై 22న ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణ శిబిరానికి సామూహిక తరలింపులు మొదలయ్యాయి. ఇప్పుడు ఏటా ఆ రోజున స్మృతి యాత్ర జరుగుతుంది.

జిగ్మంట్ స్తంభం సంగతి కొంచెం ఆగి చూడదగ్గది. రాజధానిని క్రాకోవ్ నుంచి వార్సాకి తెచ్చిన మూడవ జిగ్మంట్ జ్ఞాపకార్థం అతని కొడుకు 1644లో దాన్ని నిలబెట్టాడు. మొదటి రాతి కంబం దెబ్బతినడంతో 1880ల్లో గ్రానైట్ కంబం వేశారు. 1944 సెప్టెంబరులో జర్మన్లు దాన్ని కూల్చారు. ఇప్పుడున్నది మూడోది. పైనున్న రాజు విగ్రహం మాత్రం దెబ్బలతో బతికి బయటపడింది. పాత కంబాలు రెండూ కోట పక్కనే పచ్చికలో పడుకోబెట్టి ఉన్నాయి. తాను తిరిగి కట్టినదని ఇంత నిజాయితీగా చెప్పే కట్టడం వార్సాలో మరొకటి లేదు.

ఆ పక్కనే ఉన్న రాజకోటకు అంత తేలిగ్గా మోక్షం రాలేదు. ఐరోపాలో మొదటి లిఖిత రాజ్యాంగంగా పేరున్న 1791 మే 3 రాజ్యాంగాన్ని ఆమోదించింది ఈ కోటలోనే. 1939 సెప్టెంబరు 17న ఫిరంగి గుండ్లకు కోట అంటుకుంది. గోపురం గడియారం 11 గంటల 15 నిమిషాల దగ్గర ఆగిపోయింది. కోట వస్తువుల సంరక్షకుడు కజిమియెజ్ బ్రోక్ల్ ఆ రోజే ప్రాణాలు విడిచాడు. ఆక్రమణదారులు గోడల్లో డైనమైట్ కోసం వేల రంధ్రాలు తొలిచారు. జాతీయ మ్యూజియం డైరెక్టర్ స్తనిస్వాఫ్ లోరెన్ట్స్, అతని సహచరులు ప్రాణాలకు తెగించి తలుపులు, చెక్కుడు ముక్కలు, పాలరాతి తాపడాలు, గోడచిత్రాల ముక్కలు బయటికి చేరవేశారు. 1944 సెప్టెంబరులో కోటను పేల్చేశారు.

పునర్నిర్మించాలని పార్లమెంటు 1949లోనే తీర్మానించింది. కానీ 1956 నుంచి కమ్యూనిస్టు పార్టీ అధినేతగా దేశాన్ని నడిపిన గొమూవ్కాకి రాజుల కోట మీద ఆసక్తి లేదు. ఏళ్ల తరబడి అది ఖాళీ స్థలంగానే మిగిలింది. 1970 డిసెంబరులో బాల్టిక్ తీరపు ఓడరేవు నగరాల్లో కార్మికుల మీద కాల్పులు జరిగి గొమూవ్కా పదవి పోయింది. అతని స్థానంలో వచ్చిన గియెరెక్ నెల రోజులకే, 1971 జనవరిలో, కోటను కడతామని ప్రకటించాడు. రక్తపాతం తర్వాత ప్రజలతో రాజీ కుదుర్చుకునే మార్గం ఆ కోటలో అతనికి కనిపించింది. రాజకీయం ఎలా ఉన్నా జనం స్పందన నిజమైనది. దేశంలోని వారు, విదేశాల్లోని పోలిష్ కుటుంబాలు డబ్బు, నగలు, పాత వస్తువులు ఇచ్చారు. లోరెన్ట్స్ బృందం దాచిన ముక్కలు తమ పాత చోట్లలోకి తిరిగి వెళ్లాయి. 1974 జూలై 19న, సరిగ్గా ఉదయం 11:15కి, గోపురం గడియారాన్ని మళ్లీ నడిపించారు. లోపలి గదులు సందర్శకులకు తెరుచుకున్నది 1984లో.

1980లో యునెస్కో వార్సా పాతబస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయం సులువుగా రాలేదు. తిరిగి కట్టినదాన్ని వారసత్వమంటే రేపు ప్రతి నకలూ తలుపు తడుతుందన్న భయం నిపుణులకు ఉండేది. చివరికి పదమూడో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా సాగిన చరిత్రకు దాదాపు సంపూర్ణమైన పునర్నిర్మాణంగా దాన్ని గుర్తించారు. అదే సమయంలో నియమావళిని బిగించారు. సంపూర్ణమైన, సవివరమైన ఆధారాల మీద జరిగిన పునర్నిర్మాణాన్ని మాత్రమే ఒప్పుకోవచ్చు, ఊహకు ఏమాత్రం చోటు ఉండకూడదు అన్నారు. కెథడ్రల్ ముఖభాగాన్ని గుర్తుచేసుకుంటే, ఆ నియమం ముందు వార్సా సైతం పూర్తిగా నిలబడదు.

సంస్కృతి, విజ్ఞాన సౌధానికి ఇలాంటి సందేహమేమీ లేదు. తన కాలాన్ని అది దాచుకోదు. స్టాలిన్ పంపిన కానుకగా 1952లో పని మొదలైంది. సోవియట్ వాస్తుశిల్పి లెవ్ రుద్నెవ్ పోలండ్ పాత పట్టణాలన్నీ తిరిగి, పునరుజ్జీవన (రినైసాన్స్) కాలపు ఇళ్ల కప్పుల అంచులను చూసి వచ్చి, మాస్కో తరహా ఆకాశహర్మ్యానికి ఆ అలంకారాలు తొడిగాడు. 42 అంతస్తులు, 3,288 గదులు. కట్టేటప్పుడు 16 మంది సోవియట్ కార్మికులు చనిపోయారు. దానికి, దాని ముందున్న కవాతు మైదానానికి చోటు కోసం, యుద్ధంలో బతికిన ఇళ్లతో సహా పాత వీధులనే చెరిపేశారు. 1956 తర్వాత స్టాలిన్ పేరు తీసేశారు. 1989లో కమ్యూనిస్టు పాలన ముగిశాక కూల్చాలన్న మాట పదే పదే వచ్చింది, వస్తూనే ఉంది. కానీ ఆ లోపల థియేటర్లు, సినిమా హాళ్లు, ఈతకొలను, బాలల క్లబ్బులు ఉన్నాయి. మూడు తరాల వార్సా పిల్లలు అక్కడ ఈత నేర్చుకున్నారు, నాటకాలు చూశారు. 2007లో దాన్ని రక్షిత కట్టడంగా నమోదు చేశారు. 310 మీటర్ల వార్సో టవర్ వచ్చాక అది దేశంలోకెల్లా ఎత్తైనదన్న హోదా కూడా పోయింది. 2024 అక్టోబరులో దాని ఎదుటే ఆధునిక కళల మ్యూజియం కొత్త భవనం తెరుచుకుంది. కానుక ఇచ్చినవాడిని క్షమించకుండానే కానుకను వాడుకోవడం ఆ నగరం నేర్చుకుంది. అది సబబైన పనే.

ఇక తిరిగి లేవని వార్సా ఒకటుంది. యుద్ధానికి ముందు నగర జనాభాలో మూడో వంతుకు దగ్గరగా యూదులే. వారి ప్రధాన నివాసమైన మురానువ్‌లో 1943 తర్వాత గోడ మీద గోడ నిలవలేదు. ఆ శిథిలాలను తరలించడం సాధ్యం కాదని తేల్చుకున్న వాస్తుశిల్పి బోహ్దాన్ లాఖెర్ట్, ఆ గుట్టల మీదే కొత్త కాలనీ కట్టాడు. శిథిలాలను పిండిచేసి కలిపిన కాంక్రీటు దిమ్మెలతోనే గోడలు లేపాడు. మొదట వాటిని గిలాబా లేకుండా, ఎర్రని రంగులోనే వదిలాడు. ఆ గోడలు మృతుల స్మృతిగా ఉండాలని అతని ఉద్దేశం. దిగులుగా ఉన్నాయన్న ఫిర్యాదులతో కొన్నాళ్లకే గిలాబా వేసి తెల్లగా మార్చేశారు. ఈనాటికీ కొన్ని ఇళ్లకు వీధి నుంచి మెట్లెక్కి వెళ్లాలి. ఆ ఎత్తంతా పాత మురానువే.

తోమాత్స్కియె వీధిలో 1878 నుంచి ఉన్న మహా సినగాగ్‌ని 1943 మే 16న నాజీల ఎస్సెస్ దళం అధికారి యుర్గెన్ స్ట్రూప్, ఘెట్టో అణచివేత ముగిసిందన్న గుర్తుగా పేల్చేశాడు. దాన్ని తిరిగి కట్టలేదు. ఆ చోట ఇప్పుడు 1991లో పూర్తయిన నీలి అద్దాల ఆఫీసు టవర్ ఉంది. పాతబస్తీకి పటాలూ, ఇటుకలూ, నినాదాలూ దొరికిన దేశంలో సినగాగ్‌కి ఎందుకు దొరకలేదు? పటాలు లేక కాదు. అక్కడ ప్రార్థన చేసే జనమే మిగల్లేదు. మిగిలిన కొద్దిమంది గొంతుకు రాజ్యంలో బలం లేదు. పునర్నిర్మాణ గాథను ఎంత మెచ్చుకున్నా ఈ మౌనాన్ని పక్కన పెట్టి మెచ్చుకోకూడదు. ఊళ్లో మొట్టమొదట లేచిన పెద్ద స్మారకాల్లో ఒకటి ఘెట్టో వీరులదేనన్నది కూడా అంతే నిజం. నాథన్ రాపోపోర్ట్ చెక్కిన ఆ స్మారకాన్ని 1948 ఏప్రిల్‌లో, చుట్టూ ఇటుక గుట్టలు తప్ప ఏమీ లేని మైదానంలో ఆవిష్కరించారు. నాజీలు తమ విజయ స్మారకాల కోసం స్వీడన్‌లో సిద్ధం చేయించుకున్న రాళ్లనే దానికి వాడారు. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకరిల్లింది దాని ముందే.

ఇంకా తేలని లెక్క సాక్సన్ ప్యాలెస్‌ది. 1932 డిసెంబరులో జర్మన్ల ఎనిగ్మా సంకేత యంత్రం గుట్టును పోలిష్ గణితజ్ఞుడు మారియన్ రెయెవ్‌స్కీ ఛేదించింది ఈ భవనంలోనే. 1944 డిసెంబరు చివర దాన్ని పేల్చినప్పుడు మధ్య స్తంభాల వరసలో చిన్న ముక్క మాత్రం నిలిచింది. ఆ ముక్క కింద 1925 నుంచి అజ్ఞాత సైనికుడి సమాధి ఉంది. ముందున్న చౌకు పేరు పాలకులు మారినప్పుడల్లా మారింది: సాక్సన్, స్వతంత్ర పోలండ్ నాయకుడు పిల్సూద్‌స్కీ, ఆక్రమణలో హిట్లర్, కమ్యూనిస్టుల కాలంలో విజయం, 1990 నుంచి మళ్లీ పిల్సూద్‌స్కీ. ఇదే చౌకులో రష్యా పాలకులు 1912 నాటికి ఒక భారీ ఆర్థడాక్స్ కెథడ్రల్ కట్టారు. స్వతంత్ర పోలండ్ పన్నెండేళ్లకే దాన్ని కూల్చడం మొదలుపెట్టింది. దాన్ని తిరిగి కట్టాలని ఇవాళ ఎవరూ అడగరు.

ప్యాలెస్‌ని మాత్రం కట్టాలని 2021లో చట్టం చేశారు. 2023లో వాస్తుశిల్పుల పోటీ ముగిసింది. పాత నేలమాళిగలను పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి తీశారు. ఈసారి ఎంచుకున్న కాలం పద్దెనిమిదో శతాబ్దం కాదు, 1939, యుద్ధానికి ముందటి చివరి క్షణం. అది 1946 నాటి జఖ్వాతోవిచ్ వాదనకు కొనసాగింపేనని సమర్థకులు అంటున్నారు. ఆ పోలిక సరిగ్గా అతకదు. 1946లో జనానికి నిలువ నీడ లేదు, కళ్లముందు ఊరే లేదు. ఇప్పుడున్నది నిండైన నగరం. పైగా 80 ఏళ్లుగా ఆ చౌకులో తెగిపోయిన స్తంభాల ముక్క ఒక్కటే నిలబడి, 1944లో ఏం జరిగిందో ఏ ఫలకం అవసరం లేకుండా చెబుతోంది. పాతబస్తీ, కోట, కెథడ్రల్ అన్నీ గాయాన్ని మాన్పుకున్నాక, గాయాన్ని గాయంగా చూపే పెద్ద కట్టడాలు వార్సా నడిబొడ్డున కొన్నే మిగిలాయి. ఆ ముక్కకు ఇరువైపులా కొత్త గోడలు లేచి, అది పొడవాటి భవనంలో ఒక భాగమైపోతే, 1939 నాటి ముఖం తిరిగొస్తుంది. 1944 తర్వాతి రూపం పోతుంది. ఆ రెండో రూపానికీ చరిత్రలో హక్కుందని వాదించేవారి మాట నిర్మాణం మొదలయ్యేలోపే వినాలి.